అత్త పాదానికి తెలిసిన బ్రేకు

మా మేనత్త మంగళవారం పొద్దున పోయింది. బడిలో మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే ఆవిడ కొడుకు ఫోన్ చేశాడు.

"వదినా, అమ్మ నేదు."

"ఎక్కడికెల్లింది? బజారుకా?" అని అడిగాను. అటువైపు వాడు ఏడ్చాడు.

వాట్‌గంజ్‌లో అత్తవాళ్ల ఇంటికి చేరేదాకా ఎక్కడో పొరపాటు జరిగిందనే అనుకున్నాను. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గోడకి ఆనుకుని కూర్చుందట. అంతే. అంతకు రెండు రోజుల ముందే మా ఇంటి ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిన మనిషి. ఇది రాస్తున్నా నాకు నమ్మకం కుదరడం లేదు.

మావయ్య టాక్సీ నడిపేవాడు. బ్రేకుల పని ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు, ఇంటి ముందు సందులోనే చేసుకునేవాడు. బ్రేక్ ఆయిల్ గొట్టాల్లో గాలి చేరితే పెడల్ మెత్తబడుతుంది, బండి ఆగదు. ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు చక్రం పక్కన పడుకుని చిన్న మర విప్పాలి, ఇంకొకరు లోపల కూర్చుని పెడల్ తొక్కిపట్టాలి. ఆయన బతికినన్నాళ్లూ ఆ ఇంకొకరు అత్తే. బండి నడపడం మాత్రం ఆవిడ ఎప్పుడూ నేర్చుకోలేదు.

చెప్పు విడిచి కూర్చునేది. "కాలికి తెలుస్తాది గానీ సెప్పుకేటి తెలుస్తాది?" అనేది. కింద నుంచి మావయ్య "తొక్కు" అంటే "తొక్కీసినాను" అని జవాబు. మళ్లీ మర బిగించేదాకా కాలు ఎత్తకూడదు, ఎత్తితే బయటి గాలి లోపలికి పోతుంది. ఒకసారి పొయ్యి మీద పప్పు మాడి వాసన సందంతా కమ్మినా ఆవిడ కదల్లేదు. "పప్పు మాడితే ఇంకోపాలి వొండుకుంటాం. మడిసి పోతే ఏటి వొండుకుంటాం?" అంది.

పోయిన ఆదివారం మేం సముద్రం చూడ్డానికి దీఘా బయలుదేరుతున్నాం. సామాను సర్దేశాం, పిల్లలు వెనక సీట్లో ఎక్కి కూర్చున్నారు. ముందురోజే కార్లు బాగుచేసే మిస్త్రీ దాదా వచ్చి ముందు చక్రాల బ్రేకులు మార్చి వెళ్లాడు. పిల్లలకి జంతికలు తెచ్చిన అత్త, ఆ మాట విని, చెప్పు విడిచి డ్రైవర్ సీట్లో కూర్చుంది. పెడల్ తొక్కి అలాగే పట్టి ఉంచింది.

"ఇది దిగిపోతంది," అంది.

దాదాకి ఫోన్ చేస్తే "సబ్ ఠీక్ ఆఛే, దీదీ" అన్నాడు, అంతా బాగానే ఉందని.

"ఏటి ఠీక్? ఆడిని రమ్మను."

నాకు విసుగొచ్చింది. "నీకు బండి నడపడమే రాదు గదత్తా! మాకు లేటయిపోతంది," అన్నాను, పిల్లల ముందే.

అత్త దిగి, కారు ముందుకొచ్చి నిలబడింది. "అయితే నన్ను తొక్కీసి ఎల్లు," అంది.

దాదా రాక తప్పలేదు. ముందు చక్రాల దగ్గర మర విప్పితే ఆయిల్‌తో పాటు బుడగలు వచ్చాయి. అవి ఆగిపోయాక ఇక అయిపోయిందన్నాడు. అత్త మళ్లీ తొక్కిపట్టి, పెడల్ ఇంకా మెల్లగా దిగిపోతుంటే తల అడ్డంగా ఊపింది. "గాలి గాదు, దాదా. ఎక్కడో కారతంది."

వెనక ఎడమ చక్రం విప్పాడు. లోపలంతా ఆయిల్ తడి. దాదా అత్త వైపు తిరిగాడు. "మాషీమా, హైవే మీదయితే..." అని, పిల్లల్ని చూసి ఆగిపోయాడు.

దీఘా ప్రయాణం మానుకున్నాం. కదలని కారులో కూర్చుని పిల్లలు జంతికలు తిన్నారు. నేను సామాను మళ్లీ ఇంట్లోకి మోశాను. అత్త మాత్రం ఏమీ జరగనట్టే, కొళాయి దగ్గర కాలు కడుక్కుని ఇంటికి వెళ్లిపోయింది. మంగళవారం బడి వదిలాక వెళ్లి, తప్పయిపోయిందని చెప్పుకోవాలనుకున్నాను.

మంగళవారం వెళ్లాను. ఆవిడని నేల మీద పడుకోబెట్టి ఉంచారు. చర్చివాళ్లు పాట అందుకున్నారు. గుమ్మంలో దాదా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, ఎవరు చెప్పారో తెలియదు. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లకి చాపలు తెద్దామని డాబా ఎక్కాను. ఆవిడ పొద్దున్నే ఉతికి ఆరేసుకున్న నీలం చీర తీగ మీద ఉంది. కొంగు చివర నుంచి ఒక నీటి చుక్క జారి పడింది. నేను అక్కడే నిలబడి ఉండగా, చాలాసేపటికి, ఇంకొకటి.