రత్నరాజు వంచిన తీగ

నిన్న పొద్దున పాలకేంద్రం దగ్గర ఆటో అతను బండి ఆపి, "గిటారు రత్నరాజు గారు పోయేరటండి" అన్నాడు.

నోరు మూసుకోమన్నాను.

కాసేపటికి చర్చి మైకులో అదే పేరు చదివారు. రోడ్డు పక్కనే కూర్చుండిపోయాను.

నేను చదివింది రెండో క్లాసే. నేను చెప్తుంటే ఫోనే రాసుకుంటోంది. తప్పులుంటే దానివి. మాటలు మాత్రం నావి.

రత్నరాజు కుర్రతనంలో ఓడల్లో వంట చేశాడు. ఏదో రేవులో ఒక నల్లజాతి ముసలాయన దగ్గర గిటారు మీద బ్లూస్ నేర్చుకుని మా రాజోలు తిరిగొచ్చాడు.

బ్లూస్ అంటే ఏమిటోయ్ అని అడిగితే, "మన ఆడాళ్లు నాట్లేస్తా తీసే రాగం లాంటిదేనండి అన్నయ్యగారూ. వాళ్లదీ నడుం నెప్పే" అన్నాడు.

మా చర్చి సంఘంలో డోలక్ నాది. శ్రుతి విషయంలో నా మాటే ఆఖరు.

ఒక ఆదివారం కీర్తన మధ్యలో రత్నరాజు గిటారు తీగని వేలితో పక్కకి లాగి స్వరాన్ని వంచాడు.

నేను డోలక్ ఆపేసి, అందరి ముందూ, "శ్రుతి తప్పింది, సరిచేసుకో" అన్నాను.

"ఆయ్" అని మరలు తిప్పుకున్నాడు. తప్పలేదని వాడికి తెలుసు.

ఆ తర్వాత చర్చిలో తిన్నగానే వాయించాడు. సాయంత్రాలు కాలువ గట్టున, టీ కొట్టు దగ్గర మాత్రం వాడిష్టం. తీగ వంచినప్పుడల్లా నా మొహంలోకే చూసేవాడు.

ఎగతాళి అనుకుని నేను మొహం చిట్లించేవాణ్ణి.

పోయినేడు మా ఆవిడ పోతే, సమాధి దగ్గరికి ఎవరూ అడక్కుండానే వచ్చి వాయించాడు.

తీగ వంచాడు. ఆఖరి రోజుల్లో ఆవిడ మూలుగు అచ్చం ఆ స్వరమే.

తువాలు మొహాన కప్పేసుకున్నాను.

వారం పోయాక ఇంటికొచ్చి, "ఆ రోజు సరిగ్గా వచ్చిందాండి?" అని అడిగాడు.

పొగిడించుకోడానికి వచ్చాడనుకున్నాను. నీకు చెవుల్లేవా అన్నాను.

తల దించుకుని వెళ్లిపోయాడు.

నిన్న వాళ్లింటికి వెళ్తే, వాడి భార్య మరియమ్మ నా పక్కన కూర్చుని చెప్పింది.

"ఆయనకి సన్న తీగలు వినపడక ఐదేళ్లయిందండి బావగారూ. ఎవరికీ చెప్పొద్దనేరు. మీరు మొహం చిట్లిస్తే తీగ బాగా వంగిందని ఆయన లెక్క. ఆ రోజు మీరు తువాలు కప్పేసుకున్నారంట కదా. ఎలా వచ్చిందో తెలీలేదని చాన్నాళ్లు బాధపడ్డారండి."



ఇవాళ టీ కొట్టు దాకా వెళ్లి వెనక్కొచ్చేశాను. బెంచీ మీద ఎవరూ లేరు. అయినా ఎవరో నా మొహంలోకి చూస్తున్నట్టే ఉంది. జవాబు కోసం.

సరిగ్గా వచ్చింది రత్నరాజూ. ఆవిడే వచ్చినట్టు వచ్చింది. ఆనాడు చర్చిలోనూ సరిగ్గానే వచ్చింది.

ఇది అందరూ చదవాలి. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

వెళ్లిరా తమ్ముడూ. ప్రభువు నీకు నెమ్మది ఇవ్వాలి.

చెవులు కూడా.