రెండువందల ఇరవైనాలుగు గ్రాముల సున్నం

నా తెలివితక్కువతనాన్ని ఎవరైనా తూకం వేసి చెప్పమంటే, సరిగ్గా రెండువందల ఇరవైనాలుగు గ్రాములంటాను.

అప్పుడు నేను గిద్దలూరులో ఇంటర్ మొదటి సంవత్సరం. మోలారిటీ లెక్కలు కొత్తగా వంటబట్టి, కనబడినదాన్నల్లా మోల్‌లలో కొలిచే జబ్బు పట్టుకుంది. టీ ఇస్తే అందులో చక్కెర మోలారిటీ తేల్చందే తాగేవాణ్ని కాదు. తేలేలోగా అమ్మ గ్లాసు తీసుకుపోయేది.

మార్కాపురం పక్కన మా బత్తాయి తోటకు ఆ ఏడే తొలి కాపు. ఎనభై చెట్లు. ఏడేళ్లు నాయన బోరులో వచ్చే సన్నటి ధారతో వాటిని సాకాడు. తెగులు రాకుండా ఆయన కొట్టే మందుకు ఒకటే కొలత: వంద లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం. కలిపాక కొడవలి ముంచి చూస్తాడు. ఇనుము ఎర్రబడిందంటే తుత్తంలోని రాగి ఇంకా విడిగానే ఉందని అర్థం. ఆకు కాలుతుంది, మళ్లీ సున్నం పోయాలి.

నేను సెలవులకు ఇంటికొచ్చిన ఓ రోజు ఆయన పెళ్లికని పొదిలి పోయాడు, మందు పని నాకు అప్పగించి. నేను కాగితం తీశాను. మైలుతుత్తం ఒక మోల్ రెండువందల యాభై గ్రాములు, అంటే కిలోకు నాలుగు మోల్‌లు. వంద లీటర్లలో మోలారిటీ 0.04. దానికి నాలుగు మోల్‌ల సున్నం చాలు. సున్నం మోల్ బరువు యాభై ఆరును నాలుగుతో గుణించాను. నాయన ఇన్నేళ్లూ ముప్పాతిక కిలో సున్నం దండగ చేశాడని జాలేసింది. ఇంట్లో కుండలోని సున్నాన్ని దుకాణానికి పట్టుకుపోయి కంప్యూటర్ కాటా మీద తూయించుకొచ్చాను. కొడవలి జోలికి పోలేదు. చదువుకున్నవాడికి కొడవలెందుకు?

నలభై చెట్లకు కొట్టేసరికి పక్క తోట మామ గట్టు మీద ఆగాడు. తన కొడవలి డ్రమ్ములో ముంచి తీశాడు. కొన ఎర్రగా ఉంది.

“ఎన్ని చెట్లకు కొట్టినావు?”

చెప్పాను. ఆయన ఆకాశం వైపు చూశాడు. మబ్బు తునక లేదు. కడుగుదామంటే కరెంటు పోయి బోరు ఆగిపోయింది.

“మూడు దినాలు చూడు,” అని వెళ్లిపోయాడు.

నాయన సాయంత్రం వచ్చాడు. నేను చెప్పలేదు. మొదటి రోజు తోట పచ్చగానే ఉంది, అదే ఎక్కువ భయపెట్టింది. రెండో రోజు ఆకుల అంచులు కాగితం కాలినట్టు ముడుచుకున్నాయి. మూడో రోజు తెల్లవారి, గాలి లేకుండానే కాయలు రాలడం వినబడింది. ఒకటి పడేది, కాసేపు ఏమీ ఉండేది కాదు, ఇంకొకటి పడేది. నాయన చెట్ల మధ్య నిలబడి వింటున్నాడు.

“సున్నం ఎంత ఏసినావురా?”

“రెండువందల ఇరవైనాలుగు గ్రాములు నాయనా.”

“ఆ నాలుగు గ్రాములు యాడ తూచినావు?”

అంతకు మించి తిట్టలేదు. మూత లేని కుండ దగ్గరికి తీసుకుపోయి, రెండు వానాకాలాలు చూసిన ఆ సున్నాన్ని నా అరచేతిలో పోశాడు. కాస్త నీళ్లు చల్లితే పొంగలేదు, వేడెక్కలేదు. నా లెక్క తప్పలేదు. లెక్కలోని సున్నం బతికున్నది, కుండలోది గాలీ తేమా తగిలి ఎప్పుడో చచ్చినది.

చెట్లు బతికాయి. నలభై చెట్ల కాపు పోయింది. “మోల్ లెక్కలు చదివి చెట్లను మోళ్లు జేసినాడు మా అల్లుడు,” అని మామ టీ హోటల్ దగ్గర మొదలుపెట్టిన మాట నాకంటే ముందు కాలేజీకి చేరింది.

ఇప్పుడు నేను ఆ లెక్కలే చెప్పి బతుకుతున్నాను. పోయినేడు మామ సంచీ సున్నం కొని, పొడి సున్నమైతే ఎంత వెయ్యాలని అడగడానికి మా ఇంటికి వచ్చాడు. కిలోకు కిలోనే వేసి కొడవలి ముంచు మామా అంటే సరిపోయేది. అనలేదు. కూర్చోబెట్టి, పలక చేతికిచ్చి, ముందు మైలుతుత్తం మోలార్ ద్రవ్యరాశి కూడమన్నాను. కళ్లజోడు సవరించుకుంటూ, నేను చెప్పిన రాగి, గంధకం, ఆక్సిజన్ బరువులు ఒకదాని కింద ఒకటి రాసి, చాలాసేపటికి తలెత్తాడు.

“నూట అరవై వచ్చిందల్లుడా.”

“స్ఫటికంలో అయిదు నీళ్లుంటాయి మామా, అవి మరిచిపోయినావు. తుడిచి మళ్లా చెయ్,” అన్నాను.