రూతమ్మగారింట్లో నేను పెట్టిన దెయ్యం

నల్లమల నుంచి తిరిగొచ్చాక నా కాన్వాసు సంచిని తిరుమలగిరిలోని మా బాల్కనీలో దులుపుతుంటే అడుగున నలిగిన సీతాఫలం ఆకులు రెండు దొరికాయి, వాటి ఘాటైన పచ్చివాసన వేళ్ళకు పట్టుకుని ఎంత కడిగినా వదల్లేదు. అడవి సాహసాలు, దెయ్యాల కథలు రాసి బతికే మనిషిని నేను. ఊహించి రాసేయొచ్చు కదా, ఈ వయసులో కొండలెక్కడం దేనికని మా ఇంట్లో వాళ్ళు విసుక్కుంటారు. ఎలుగుబంటి ఏ చెట్టెక్కుతుందో, వాగు ఏ నెలలో ఎండుతుందో అక్కడి మనుషులను అడిగి, కళ్ళతో చూసి రాసుకుంటే గాని నాకు కలం కదలదు. దెయ్యాన్ని పెట్టాల్సి వస్తే మరీ చాదస్తం. దాన్ని పెట్టే పాడుబంగళా చుట్టుపక్కల ఎవరు కాపురముంటున్నారో తెలుసుకునేదాకా ఒక్క వాక్యం రాయను. ఈ పట్టుదల నాకెక్కడ అంటుకుందో చెప్పాలంటే మౌలాలి వెళ్ళాలి.

మా నాన్నది రైల్వేలో గుమాస్తా ఉద్యోగం. గుంటూరు నుంచి బదిలీ అయి మౌలాలి క్వార్టర్స్‌లో దిగేనాటికి నాకు పదేళ్ళు. వరసగా ఒకే తీరు పెంకుటిళ్ళు, వాటి వెనక నల్లటి బండలు, బండల సందుల్లో సీతాఫలం పొదలు, పగలంతా ఎక్కడో ఒక ఇంజన్ కూత. వానలు తగ్గుముఖం పట్టగానే కళ్ళు విచ్చిన కాయలు కోసి బియ్యం డబ్బాలో మాగేసేవాళ్ళం, ఎండాకాలం బండల నీడన తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం, డిసెంబరొస్తే మాలాంటి క్రైస్తవుల ఇళ్ళన్నీ గులాబీ పువ్వులు వేగుతున్న నూనె వాసనతో నిండిపోయేవి, మా అమ్మ ఆ పిండివంట పళ్ళేల మీద గుడ్డ కప్పి నన్ను ఇంటింటికీ తిప్పేది. తిప్పితే ఏం లాభం, అక్కడి పిల్లలకు నా యాస ఒక నవ్వులాట. ఆటలో చేర్చుకోకపోతే నేను బండెక్కి కథ మొదలుపెట్టేదాన్ని, అప్పుడు అందరూ నా చుట్టూ మూగేవాళ్ళు. "జెర చెప్పవే, గిట్ల నడుమల ఆపుతవేంది" అని పక్కింటి పద్మ నా గౌను పట్టుకుని గుంజేది. ఆ గుంజుడు కోసం నేను ఏమైనా చెప్పేసేదాన్ని.

చివరి వరసలో చివరి ఇల్లు రూతమ్మగారిది. రైల్వే బడిలో టీచరు, ఒంటరి మనిషి, ఎప్పుడూ తెల్ల నూలుచీరే కట్టేవారు. సాయంత్రం ఐదయ్యేసరికి వరండాలో చాపలు పరిచి, చదువులో వెనకబడిన పిల్లలను పిలిచి కూర్చోబెట్టుకునేవారు, చదివినవాళ్ళకూ చదవనివాళ్ళకూ కూడా మరమరాల ఉండలు పెట్టేవారు. ఒకరోజు ఆమె పెరట్లో తీగ మీద ఆరేసిన చీర గాలికి లేవడం చూశాను. ఆ పూటే బండ మీద కూర్చుని, ఆ పెరట్లో ముఖం లేని ఆడమనిషి తిరుగుతుందనీ, విరిగిన కిటికీ రెక్క పక్కన నిలబడి పిల్లలను పేరుపేరునా పిలుస్తుందనీ చెప్పాను. కిటికీ రెక్క నిజంగానే విరిగింది, చీర నిజంగానే తెల్లది, అందుకే నా అబద్ధం అంత బాగా అతికింది. వారం తిరక్కుండా ఆ చాపల మీద ఒక్క పిల్ల లేదు.

ఓ సాయంత్రం ఆమె నన్ను గేటు దగ్గర ఆపారు. "ఏమ్మా, పిల్లలెవరూ రావట్లేదేంటి? నేనేమన్నా కసిరానా?" అని అడిగారు. లోపల చాపలు పరిచే ఉన్నాయి. నేను ఇంటికి పరిగెత్తాను. సిగ్గుతో ఆ పూట అన్నం సయించలేదు. మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి, అది అబద్ధం, ఆరేసిన చీరను చూసి నేనే కల్పించాను అని గడప గడపకూ చెప్పాను. పద్మ వాళ్ళమ్మ నన్ను జాలిగా చూసి, నుదుటిన ఇంత విభూతి పెట్టి, "పాపం, పోరితోని గా దయ్యమే గిట్ల చెప్పిస్తున్నది" అంది. నేనెంత ఏడ్చి చెబితే వాళ్ళకు అంత నమ్మకం కుదిరింది.

నాది జగమొండి ఘటం. రోజూ సాయంత్రం నేనొక్కదాన్నే వెళ్ళి, ఆ వరండాలో కూర్చుని, వరస ఆ చివరిదాకా వినపడేలా గొంతు చించుకుని పాఠాలు చదివాను. రెండు నెలలకు పద్మ వచ్చింది, అదీ చాప మీదికి కాదు, కింది మెట్టు దాకా. ఇక ఉండబట్టలేక రూతమ్మగారికే నిజం చెప్పేశాను. "ఏదీ, ఆ కథ నాకూ చెప్పు" అని మొత్తం చెప్పించుకుని విన్నారు. "బాగా చెప్పావమ్మా. చెప్పేముందు ఆ ఇంట్లో ఒక మనిషి ఉందని చూసుకోవాలి కదా" అన్నారు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని. మరుసటి వేసవిలో ఆమె రిటైరై నరసాపురంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. అప్పటిదాకా ఆ చాపల మీదికి నేను తప్ప మళ్ళీ ఎవరూ రాలేదు.

పోయిన వారం కొత్త నవల పని మీద మౌలాలి వెళ్ళాను. పెంకుటిళ్ళు లేవు, బండలు పగలగొట్టి అపార్టుమెంట్లు కట్టారు, పొదలున్న చోట కార్లు నిలిపారు, గులాబీ పువ్వులు బేకరీలో ప్యాకెట్లకెక్కాయి. చివరి వరస ఉన్న చోట మాత్రం ప్రహరీ కట్టి వదిలేసిన ఖాళీ జాగా ఉంది. ఎదురుగా టీ బండి నడుపుతున్న ఆవిడను అదెవరిదని అడిగాను.

"గాడికి పోకుండ్రి మేడం. టీచరమ్మ దయ్యం తిరుగుతదంట. పొద్దుగూకంగనే పిల్లలను సదువుకోనీకి పిలుస్తదంట" అంది.

టీ గ్లాసు పక్కన పెట్టేశాను. నేను కల్పించిన ముఖం లేని మనిషికి ఇన్నేళ్ళలో జనం రూతమ్మగారి ముఖం తగిలించారు. నా నవలల్లో దెయ్యాలను చదివినవాళ్ళే మరిచిపోయారు, దీన్ని మాత్రం నన్నెరగని వాళ్ళు కూడా బతికించుకుంటున్నారు. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. బండి పక్కనున్న స్టూలు మీద కూర్చుని, ఆరేసిన చీర దగ్గర నుంచి ఖాళీ చాపల దాకా అంతా చెప్పాను. ఆవిడ స్టవ్ తగ్గించి విన్నది.

"అంటే, పాపం, గామె పిల్లల కోసం ఎదురుసూస్కుంట కూసున్నదా?" అంది.

అవునన్నాను. ఆ వీధిలో టీ బండి తర్వాత ఇస్త్రీ బండి, దాని పక్కన జిరాక్స్ దుకాణం, ఆపైన ఇంకా ఎన్నో ఉన్నాయి. నేను లేచి వెళ్ళి, ఇస్త్రీ బండి దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.