ఎర్రగీత దగ్గర నీళ్ళు

నేను సైన్యంలో ఉన్నప్పుడు, ఒక మే నెలాఖరున, సాయంత్రం ఆరున్నరకు ఆ కొండ పోస్టు చేరాం. మంచు కురుస్తోంది. ఎత్తు పదకొండు వేల నాలుగు వందల అడుగులు. మేం పద్నాలుగు మందిమి, అందరికీ ఆ చోటు కొత్తే. ముందు నలభై అడుగుల వెడల్పు వాగు. వంతెన లేదు. అవతలి పోస్టులో ఇరవై రెండు మంది, వాళ్ళకు మిగిలింది మూడు రోజుల తిండి.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి సరుకుల లారీ వాగు దాటాలని ఆర్డరు. కొల్లేట్లో దోనె మీద గడ వేసి పెరిగినవాణ్ణని లోతు చూసే పని నాకిచ్చారు.

ఉదయం ఆరింటికి ఐదు చోట్ల గడ దింపాను. ఎక్కువ లోతు రెండడుగుల నాలుగంగుళాలు. మూడడుగుల దాకా లారీకి భయం లేదు. ఆ లోతైన చోటే గడ పాతి, నీటిమట్టం దగ్గర ఎర్రరంగు గీశాను.

మా ఊళ్ళో పొద్దున చూసిన లోతే సాయంత్రం దాకా లెక్క. కొల్లేరు పెరగడానికి రోజులు పడుతుంది. పది గంటల నుంచి ఎండ కాసింది. నేను మళ్ళీ గడ దగ్గరకు వెళ్ళలేదు.

మూడూ పదికి, గుట్టపైన గుడారంలో వైర్‌లెస్ దగ్గర ఉన్నాను. లారీ డ్రైవరుది అత్తిలి. వాగు ఒడ్డు నుంచి అతని గొంతు వినిపించింది.

"ఏవండీ కొల్లేరుగారూ, వాగు అడుగు కనబడట్లేదండీ. దిగమంటారా?"

"రెండడుగుల నాలుగంగుళాలు. దిగు."

"అయితే మా అత్తిలి కాలవే నయం. ఈదడానికైనా పనికొచ్చుద్ది."

నిమిషం తర్వాత మళ్ళీ అతనే. "నీళ్ళు తలుపు దాటేశాయ్. ఎంతన్నావురా?"

నేను అదే అంకె చెప్పాను. బయటికొచ్చి చూస్తే లారీ వాగులో పక్కకు ఒరిగిపోయి ఉంది.

పదకొండో రోజున ఇంజనీరు కెప్టెన్ వచ్చారు. నన్ను తిట్టలేదు. వాగులో స్కేలు పాతించి, గంటగంటకూ నాచేత రాయించి, కాగితం మీద గీత గీశారు. ఎండకు కరిగిన మంచునీరు సాయంత్రం నాలుగింటికి నాలుగడుగులు దాటుతోంది, తెల్లారేసరికి తగ్గిపోతోంది. నేను పదో తరగతి వాణ్ణి. ఆయన పుస్తకాలు అడిగి తీసుకుని చదివాను. సెప్టెంబరులో వంతెన వేశాం.

ఇప్పుడు రిటైరై ఆకివీడులో ఉంటున్నాను. తాడేపల్లిగూడెం నుంచి ఒక సైన్సు టీచరుగారు ఏటా పిల్లల్ని తీసుకొస్తారు, ఇంజనీరింగ్ గురించి నాలుగు మాటలు చెప్పమని. మాటలకు ముందు గడ, నోటుబుక్కు ఇచ్చి చేపల చెరువుల పక్క కాలవ దగ్గర నిలబెడతాను.

"పొద్దున్నే రాశాం కదండీ. మళ్ళీ ఎందుకండీ?" అంది మొన్న ఒకమ్మాయి.

"చూసి రాయమ్మా."

"అరంగుళం తగ్గిందండోయ్! ఎందుకు తగ్గిందండీ?"

ఎగువన ఒక చెరువుకు ఇంజన్లతో కాలవ నీళ్ళు తోడుతున్నారని నాకు తెలుసు. చెప్పలేదు. వెళ్ళి చూసి రమ్మన్నాను. నలుగురు పరిగెత్తారు.

ఆ వాగు దగ్గర నన్ను పరిగెత్తించే ప్రశ్న నాకు తట్టలేదు. లారీ మునిగిన మర్నాడు ఉదయం ఆరింటికి, కిలోమీటరు దిగువన డ్రైవరు శవమై దొరికాడు. అతన్ని మోసుకొస్తూ గడ వైపు చూశాను. నీళ్ళు సరిగ్గా ఎర్రగీత దగ్గరే ఉన్నాయి.