స్వేచ్ఛ, సర్కారు, మా అత్త పుంజు

కామారెడ్డిలో స్టేషనుకు దగ్గరగా ఒక గది ఉండేది. రెండు బీరువాలు, ఒక బల్ల, ఒక కుంటి కుర్చీ. దాన్ని మేం గ్రంథాలయం అనేవాళ్లం. నేను బెల్లం అడ్తి దుకాణంలో గుమాస్తాను. బడి చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. అయినా ఆ రెండు బీరువాల్లో ఉన్నదంతా చదివినవాణ్ని ఊళ్లో నేనొక్కణ్నే. చెదలు తిన్న పుస్తకాలను కూడా, చెదలు వదిలిపెట్టినంత మేరకు చదివాను.

వాటిలో నన్ను పట్టుకుని వదలని పుస్తకం ఒకటుంది. అట్ట లేదు, కాబట్టి రాసిందెవరో తెలియదు. చివరి పుటలూ లేవు. మనిషి తన ఒంటికి తానే యజమాని, తన కష్టంతో సంపాదించుకున్నది తనది, ఇష్టం లేకుండా దాన్ని తీసుకుంటే ఆ తీసుకున్నవాడి తలమీద ఎంత పెద్ద తలపాగా ఉన్నా అది దొంగతనమే అని అందులో ఉంది. రాజ్యం చేయకూడని పనులన్నీ వరసగా చెప్పి, ఇక మనమేం చేయాలో చెప్పబోయేచోట పుటలు చిరిగిపోయాయి. అందువల్ల సర్కారులో తప్పేమిటో నాకు బాగా తెలుసు. మందు మాత్రం తెలియదు.

తప్పులకు మా దగ్గర కొదవ లేదు. నిజాం రాజ్యం. సభ పెట్టుకోవాలంటే అనుమతి. పొలిమేర దాటి సరుకు పోతే సుంకం. ఈత చెట్టు నీ పొలంలో దానంతటది మొలిచినా, కల్లు గీయాలంటే సర్కారును అడగాలి. అన్నిటికంటే పెద్దది వెట్టి. అధికారి ఎవరైనా దౌరా మీద, అంటే ఊళ్లు తిరగడానికి వస్తే మంచాలు, పాలు, నెయ్యి, కోళ్లు ఊరివాళ్లే ఊరికే ఇవ్వాలి. చరిత్ర పుస్తకాల్లో రాజులు దండయాత్రలకు పోయినప్పుడల్లా, వాళ్ల మంచాలు మోసినవాళ్ల సంగతి ఎక్కడైనా రాశారా అని నేను వెతికేవాణ్ని. ఎక్కడా లేదు.

మా మేనత్త ఊరు ఎల్లారెడ్డికి దగ్గర. మామ పోయాక ఆమెకు మిగిలినవి ఒక మడి, ఒక మేక, ఒక పుంజు. మడినీ మేకనూ ఆమె పనుల లెక్కలో చూసేది. పుంజును మాత్రం మనిషి లెక్కలో చూసేది. మిరపపండు రంగు మెడ, నల్లని తోక. అత్త కూర్చుంటే ఒళ్లోకి ఎక్కేది. నేను కూర్చుంటే పొడిచేది. జొన్నరొట్టెలో మెత్తని నడిమి భాగం దానికి, అంచులు నాకు.

ఒకసారి నేను అక్కడ ఉండగా సుంకరి వచ్చాడు. పటేలు చెప్పిన పనులు ఊళ్లో చేసిపెట్టేవాడు అతనే. గుమ్మంలో నిలబడి, అత్తను వదిలేసి పుంజును చూశాడు.

“అవ్వా, ఎల్లుండి సాబు దౌరా ఉన్నది. నీ పుంజు మంచిగ బలిసింది. జర కట్టేసి పెట్టు.”

“నీ మీసాలు గూడ మంచిగనే బలిసినయి. అవి కోసుకపో,” అంది అత్త.

సుంకరి మీసాలు సర్దుకుని వెళ్లిపోయాడు. అతను చెడ్డవాడేం కాదు. పుంజు దొరక్కపోతే తిట్లు పడేది అతనికే. ఆ వచ్చే సాబు ఏ శాఖవాడో అతనికీ తెలియదు, మాకూ తెలియదు. తింటాడని మాత్రం తెలుసు.

అత్త పుంజును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడవలేదు కానీ, పొయ్యి మీద గంజి పొంగి పోతున్నా లేవలేదు. అప్పుడు నేను పుస్తకం సంగతి ఎత్తాను. ఒంటికి యజమాని, కష్టార్జితం, తలపాగా దొంగతనం, అంతా వివరించాను. ఆమె చివరిదాకా విన్నది.

“అల్లుడా, గా పుస్తకం సాబు చదివిండా?”

“లేదత్తా.”

“మరి నాకు చెప్తే ఏం ఫాయిదా?”

నేను చిరిగిపోయిన పుటలను నా బుర్రతో నింపే ప్రయత్నం చేశాను. సర్కారు చెయ్యి ఎక్కడిదాకా పోతుంది? దేవత దగ్గర ఆగుతుంది. పోచమ్మకు మొక్కిన కోడికి పసుపు పూసి, కాలికి ఎర్రదారం కడతారు. దాన్ని పటేలు ముట్టడు, సుంకరి ముట్టడు, దొంగ కూడా ముట్టడు. ఈ ఉపాయం చెప్పగానే అత్త లేచింది. పుంజుకు ముక్కు నుంచి తోక దాకా పసుపు పట్టించింది. దాన్ని చంకలో పెట్టుకుని పోచమ్మ ముందు నిలబడి గట్టిగా మొక్కింది.

“తల్లీ, నా పుంజు సాబు కడుపులకు పోకుంట చూడు. చూసినవంటే గిది నీకే.”

నా ఉపాయాన్ని నేనే మెచ్చుకుంటూ ఉండటం వల్ల ఆ రెండో మాట మీద నాకు ధ్యాస లేదు.

ఊళ్లో ఏ సంగతీ దాగదు. మర్నాడు పొద్దెక్కేసరికి ఊరి కోళ్లన్నీ పచ్చబడ్డాయి. ఇళ్లల్లో పసుపు అయిపోయింది. పిల్లలు మిగిలిన పసుపు నీళ్లు కుక్కల మీద పోశారు. సుంకరి వెతికి వెతికి, చివరికి తన ఇంటి వెనక కోళ్లగంప ఎత్తి చూస్తే అవీ పచ్చగా ఉన్నాయి. వాళ్లావిడ పని. ఇక దిక్కులేక పటేలు ఇంటికి పోతే, పటేలు దొడ్లో కోళ్లు అందరి కోళ్లకంటే చిక్కటి పసుపులో ఉన్నాయట.

సాబు ముందుగా తన బంట్రోతును పంపాడు. పట్నం మనిషి. మా వైపు మొక్కులు, పసుపులు అతనికి కొత్త. గోడల మీద, గడ్డివాముల మీద, దారిపొడుగునా పచ్చని కోళ్లు. ఒక కుక్క కూడా పచ్చగా తోకాడిస్తూ ఎదురొచ్చింది. అతను వచ్చినదారినే పరుగెత్తి, ఈ ఊళ్లో కోళ్లకు కామెర్లు పుట్టాయి, కుక్కలకూ అంటుకున్నాయి, మనుషుల వంతు మిగిలింది అని సాబుకు చెప్పాడు. సాబు బండి దిగలేదు. మంచినీళ్లు ఇస్తే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వద్దన్నాడు. బండి గాంధారి ఊరి వైపు మళ్లింది.

ఆ రోజు నా మాటకు ఊళ్లో ఎంత విలువ! పటేలు కూడా, ఎవరూ చూడకుండా, నాకు చుట్ట ఇచ్చాడు. ఒక్క తుపాకి లేకుండా, ఒక్క అర్జీ లేకుండా సర్కారును వెనక్కి పంపిన సంగతి చరిత్రలో ఇంకెక్కడైనా ఉందేమో చూడాలని కామారెడ్డికి బయలుదేరబోతున్నాను. అంతలో పోచమ్మ పూజ చేసే కుమ్మరి తాత అత్త ఇంటికి వచ్చాడు.

పసుపు పూసిన కోళ్లన్నీ తల్లికి మొక్కినవేనని, ఆదివారం ఆ మొక్కులు చెల్లించాలని చెప్పాడు. తల్లి తన మాట నిలబెట్టుకుంది, సాబు మెతుకు ముట్టకుండా పోయాడు, ఇక మీ వంతు అన్నాడు. అత్త ముఖం వాడిపోయింది. సాబును వెళ్లగొట్టింది కామెర్ల భయమే కానీ తల్లి కాదని వాదించింది. ఆ భయం పెట్టిందెవరని తాత అడిగాడు. నేను అడ్డం పడి, పుంజు అత్త సొత్తు, ఆమె ఇష్టం లేకుండా ఎవరూ తీసుకోరాదన్నాను.

తాత నావైపు తిరిగాడు. “నీ అత్తను ఎవడన్న బలిమి చేసిండా కొడుకా? తనే పోయి, తన నోటితోటే ఇస్త అన్నది. కాదంటే చెప్పు.”

నా పుస్తకం ప్రకారం అది నిఖార్సైన ఒప్పందం. ఇద్దరూ ఇష్టపడి చేసుకున్నది, ఒకరు తమ పని పూర్తి చేసేశారు కూడా. సర్కారు తీసుకుంటే దొంగతనం అనగలను. పోచమ్మను ఏమనగలను? కామారెడ్డి ప్రయాణం మానుకున్నాను. ఆదివారం దాకా నాలుగు రోజులు అత్త నాతో మాట్లాడలేదు. రొట్టె అంచులు కూడా పెట్టలేదు.

ఆదివారం ఊరంతా కోళ్లు పట్టుకుని వచ్చింది. మా దగ్గర పద్ధతి ఒకటుంది. కోడి మీద నీళ్లు చల్లితే అది ఒళ్లు దులుపుకోవాలి. దులుపుకుంటేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు. అప్పటిదాకా ఎవరూ కత్తి ఎత్తరు. తాత నీళ్లు చల్లుతున్నాడు, కోళ్లు దులుపుకుంటున్నాయి, జనం సంతోషంగా పక్కకు జరుగుతున్నారు. సాబుకు పోవలసిన కూర తమ ఇంటికి వస్తోందని ఎవరికీ బాధ లేదు. బతుకంతా అధికారులకు కోళ్లు పెంచి తాము మాత్రం తినని ఇళ్లు కొన్ని ఉన్నాయి. ఆ ఇళ్లల్లో ఆ రోజు మసాలా నూరుతున్న చప్పుడు వినిపించింది.

అత్త పుంజు వంతు వచ్చింది. తాత నీళ్లు చల్లాడు. అది కదలలేదు. దోసిలితో పోశాడు. మెడ చాచి ఆ నీళ్లు తాగింది. చెంబు ఎత్తి పోశాడు. పసుపంతా కారిపోయి ఎర్రమెడ బయటపడింది, అంతే. ఎండాకాలమంతా అత్త రోజూ దాని మీద నీళ్లు పోసి చల్లబరిచేదని అప్పుడు నాకు గుర్తుకొచ్చింది. నోరు మూసుకున్నాను. అత్త కూడా దేవత వైపు తప్ప ఎటూ చూడలేదు.

జనం మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, తర్వాత ఆకలితో ఇళ్లకు పోసాగారు. సుంకరి దాని తోక గిల్లితే, అమ్మవారి దగ్గర జబర్దస్తీ ఏందని అత్త కసిరింది. తాత మూడో బిందె కూడా వంచి నడుం పట్టుకున్నాడు.

“తల్లికి గిది వద్దట. తీసుకపో బిడ్డా, నాకు చేతులు పడిపోయినయి.”

అత్త పుంజును చంకలో ఇరికించుకుని గబగబా నడిచింది. నేను వెంటపడి, చూశావా అత్తా, ఇష్టం లేనిదాన్ని దేవతయినా తీసుకోదు, అదే స్వేచ్ఛ, నా పుస్తకంలో పోయిన పుటల్లో ఇదే ఉండి ఉంటుంది అని వివరించబోయాను.

“ముందుగాల నీ కండువ ఇయ్యి,” అంది అత్త నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడుతూ. “దీనికి సర్ది పడతది.”

నా అభిప్రాయం అడగకుండానే నా మెడలోంచి కండువా లాక్కుని, పుంజుకు చుట్టింది.