చావాల్సిన వరస

మిరప పరిశోధన కేంద్రంలో ఆవిణ్ణి జబ్బులమ్మ అంటారు. ఎండు తెగులు పట్టిన మట్టిని ఏళ్ల తరబడి ఒక మడిలో పెంచి పోషిస్తోంది మరి. కొత్త రకాలన్నీ ఆ జబ్బుమడిలో నిలబడి చూపించాల్సిందే. వాటి మధ్య, తెగులుకు ఇట్టే లొంగిపోయే పాత రకం ఒక వరస వేస్తుంది. అది చస్తేనే మట్టిలో తెగులున్నట్టు, పరీక్ష జరిగినట్టు. "అందరూ మొక్కల్ని బతికించి జీతం తెస్తారు, మా కోడలు చంపి తెస్తుంది" అంటుంది అత్తగారు.

సెలవు నుంచి వచ్చి మడి గట్టెక్కేసరికి జబ్బులమ్మకు ఒళ్ళు మండిపోయింది. పాత రకం నవనవలాడుతోంది. పిడికెడు మట్టి తీసి వాసన చూసింది. మందు కంపు.

"మేస్త్రీ, ఎవరు పోయమన్నారు?"

"పెద్దసారేనమ్మా. రేపు విత్తనాల కంపెనీవాళ్ళొస్తారట. ఎండిన మొక్కలు కనబడితే పరువు పోతుందన్నారు. మీరు సంతోషిస్తారనుకున్నా."

"పరీక్షలో పిల్లలందరికీ జవాబులు మీరే చెప్పేసి, అందరూ పాసయ్యారని సంబరపడుతున్నారా?"

మేస్త్రి ఖాళీ మందు డబ్బాను కాలితో గట్టు కిందికి నెట్టాడు.

మడి చివర ఆవిడ సొంత సంకరం ఉంది. విరగకాసే మిరపకూ, కాపు లేకపోయినా తెగులుకు లొంగని మొండి మిరపకూ పుట్టింది. విచ్చని మొగ్గలు విప్పి, పుప్పొడి అద్ది, కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసి పెంచింది. జబ్బుమడిలో దానికిదే మొదటి పంట.

పెద్దసారు గదిలో కుర్చీ చూపించినా ఆవిడ కూర్చోలేదు.

"నీ మిరప కాపు బాగుంది, తెగులు తట్టుకుంది. రేపు ప్రకటిస్తున్నాం. పేరు నీకే వస్తుంది, ఈ కోపమెందుకమ్మా?"

"చావాల్సిందే బతికింది సార్. నాదాన్ని నిలబెట్టింది మందో, దాని సత్తువో ఎవరు చెబుతారు?"

"ఇంకో ఏడాది ఆగితే కంపెనీవాళ్ళు జారిపోతారు, మన కొంప మునుగుతుంది."

"ఆగకపోతే రైతు కొంప మునుగుతుంది."

మర్నాడు కంపెనీవాళ్ళు మడి చుట్టూ తిరిగి మెచ్చుకున్నారు. పెద్దసారు గొంతు సవరించుకునేలోగా జబ్బులమ్మ పాత రకం మొక్కనొకటి వేళ్ళతో సహా పీకి వాళ్ళ ముందు పట్టింది.

"ఇది ఈపాటికి చచ్చుండాలి. మందు పోసి బతికించారు. అందుకని ఈ మడిలో దేన్నీ నమ్మకండి. నాదాన్ని కూడా."

కార్లు వెళ్ళిపోయాయి. ప్రకటన ఆగిపోయింది.

మేస్త్రి పార పట్టుకొచ్చాడు. "ఇప్పుడేం చేద్దామమ్మా?"

"ఎండిపోయిన మిరపచేను ఎక్కడుందో వెతుకు. వేళ్ళతో సహా మట్టి తెద్దాం. రోగాన్ని మళ్ళీ మొదట్నుంచీ పెంచాలి."

కాయల బరువుకు వంగిపోయిన తన మొక్కల వంక చూడకుండానే గట్టు దిగింది.