మెడ దాకా నాటిన మొక్కలు

మా నాయనకు చెయ్యి మంచిదని బి.కొత్తకోట చుట్టుపక్కల పేరు. ఎవరు టమాటా వేసినా మొదటి నారు ఆయన చేత పెట్టించేవాళ్లు. ఆ పేరు మీదే ఆయన బతికాడంటే అబద్ధం కాదు. మూడో బోరు కూడా ఎండిపోయాక చేను బీడు పెట్టి, మదనపల్లెలో ఉన్న నా ఇంటికి వచ్చేశాడు. వచ్చినప్పటి నుంచి గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. మా వైపు ఇలా మాట మానేసిన రైతులు కొందరు చివరికి ఏమయ్యారో నాకు తెలుసు. అందుకే నాకు భయం.

కుప్పంలో ఉద్యోగం చేసేటప్పుడు కొన్న చేపల తొట్టి ఒకటి నా దగ్గర ఉంది. ఐదు ఎర్ర చేపలు, అడుగున ఇసుక, నాలుగు ప్లాస్టిక్ మొక్కలు. వాటిని పీకేసి నిజమైన మొక్కలు పెడదామని, ఆ పని నాయనకు అప్పజెబుదామని తోచింది. ఇప్పుడు నేను పనిచేసే పుంగనూరులో చేపల అంగడి ఉంది. అంగడాయన రెండు రకాల మొక్కలు ఇచ్చాడు.

"ఈ సన్న కాడలు ఇసుకలో గుచ్చుకోండి మేడమ్. ఈ లావు దుంప ఉండేది మాత్రం పూడ్సొద్దు, కుళ్లిపోతాది. రాయికి దారంతో కట్టండి. ఎరువు గిరువు ఏమీ ఎయ్యొద్దు, సేపలు సచ్చిపోతాయి" అని రెండుసార్లు చెప్పాడు.

మొక్కలు చూడగానే నాయన పంచె ఎగ్గట్టాడు. పాలాయన చేత మాగిన పేడ ఎరువు తెప్పించి ఇసుక కింద పరిచాడు. రెండు రకాలనూ టమాటా నారు లాగే కింది ఆకులు గిల్లేసి, మెడ దాకా దించాడు.

"సూడమ్మా, మెడ దాకా దిగితేనే పక్క వేర్లు కొట్టేది. పైపైన పెడితే గాలికే పడిపోతాది" అన్నాడు.

తొట్టిలో గాలెక్కడిది? అంగడాయన మాట నా నోటి దాకా వచ్చింది, మింగేశాను. నెలల తర్వాత నాయన గంటసేపు మాట్లాడాడు, మధ్యలో నవ్వాడు కూడా. ఐదు చేపల కన్నా మనిషి ముఖ్యం కదా అనుకున్నాను. ఎంత తెలివైనదాన్నో!

మూడో రోజుకు నీళ్లు చిక్కబడ్డాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. ఎన్నిసార్లు నీళ్లు మార్చినా లాభం లేకపోయింది. వారం తిరగకముందే ఐదూ వెల్లకిలా తేలాయి. దుంపలు పీకితే కుళ్లిన ఉల్లిగడ్డలా చేతికి అంటుకున్నాయి. నాయన తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"బోర్లు పోయినాయంటే దేవుడనుకుంటి. ఇది నా సెయ్యేనమ్మా. నా సెయ్యి పోయింది."

"కాదు నాయనా, అంగడాయన అన్నీ సెప్పినాడు. నేనే నీకు సెప్పలేదు" అన్నాను.

"నన్ను ఓదార్సేదానికి యాల అబద్ధాలు?" అన్నాడు.

మర్నాడే బస్సెక్కించి పుంగనూరు తీసుకుపోయాను. అంగడాయన నొచ్చుకున్నాడు. "ఒకటికి రెండుసార్లు సెప్పినా కదప్పా మేడమ్‌కు! కొత్తోళ్లు ఎవురైనా ఇదే తప్పు సేస్తారు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నాయన చెయ్యి నిలబడిందని సంబరపడ్డాను.

తిరుగు బస్సులో నాయన మెల్లగా అడిగాడు.

"నేను నాటతా ఉంటే నువ్వు పక్కనే ఉండావు కదా?"

"ఉండాను నాయనా."

"సేన్లో ఎవురన్నా తప్పు నాటితే ఆడికాడే తిట్టి, పీకిచ్చి, మళ్లా నాటిస్తాంటి. పనికొచ్చేటోళ్లనే కదమ్మా తిట్టేది." ఆయన కిటికీ వైపు తిరిగాడు. "నువ్వు నన్ను తిట్టను కూడా లేదు."